సైకిలు బ్రేకు ఎంపిక, రిమ్ము అరుగుదల: ఎలా చూడాలి, ఎలా కొలవాలి, ఎప్పుడు మార్చాలి

సైకిలు బ్రేకులో అరిగేది రబ్బరు ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. రబ్బరు అరిగితే కొత్తది వేయిస్తారు, వైరు తెగితే మార్పిస్తారు, కానీ ఆ రబ్బరు ఏళ్ళ తరబడి దేన్ని ఒరుసుకుంటూ వచ్చిందో ఆ రిమ్ము వైపు కన్నెత్తి చూడరు. రిమ్మును ఇరువైపులా పట్టి ఆపే బ్రేకులున్న సైకిలులో రిమ్ము కూడా బ్రేకులో భాగమే. దాని పక్క గోడలు ఒకేసారి రెండు పనులు చేస్తాయి: లోపలి నుంచి తోసుకొచ్చే టైరు గాలి ఒత్తిడిని ఆపుతాయి, బయటి నుంచి బ్రేకు రాపిడిని భరిస్తాయి. రెండో పనిలో గోడ పలచబడిన కొద్దీ మొదటి పని చేసే శక్తి తగ్గుతుంది కాబట్టి, రిమ్ము మరీ అరిగిపోతే ముందు చెడేది బ్రేకు కాదు. గోడ చీలి, టైరు ఊడి, చక్రమే కూలుతుంది. అందువల్ల బ్రేకును ఎంచుకునేటప్పుడు అది ఎంత గట్టిగా పడుతుందన్న ప్రశ్నకంటే, అది సైకిలులో ఏ భాగాన్ని అరగదీస్తుంది, ఆ భాగాన్ని మార్చడం ఎంత పని అన్న ప్రశ్న ముందు వేసుకోవాలని నా అభిప్రాయం.

మొదటి పని: మీ సైకిలుకు ఏ బ్రేకు ఉందో గుర్తించండి

టైరుకు పైన ఒకే బోల్టుతో బిగించి, రెండు చేతులతో పటకారులా రిమ్మును నొక్కేది కాలిపర్ బ్రేకు. చక్రాన్ని ఇరువైపులా పట్టుకునే ఫోర్కు కాళ్ళకు చెరొకటిగా నిలువు చేతులు బిగించి, వాటి పై కొసలను కలుపుతూ టైరు మీదుగా అడ్డంగా వైరు పోతే అది వి-బ్రేకు. 1996లో సైకిలు విడిభాగాల సంస్థ షిమానో ఆ పేరుతో తెచ్చిన తరువాత ఇది బాగా వ్యాపించింది. అవే చేతులు పొట్టిగా, బయటికి చాచుకొని ఉండి, వైరు త్రికోణంలా కనిపిస్తే అది కాంటిలివర్. ఈ మూడూ రిమ్ము పక్క గోడలనే అరగదీస్తాయి. వైరు లేకుండా ఇనుప కడ్డీలతో పనిచేసే పాతకాలపు రాడ్ బ్రేకు మాత్రం రిమ్మును పక్కల నుంచి కాక, స్పోకులు దిగే లోపలి ముఖం మీద నొక్కుతుంది. దానికి వాడే రిమ్ము ఉక్కుది కాబట్టి అరుగుదలకంటే తుప్పు గురించి ఎక్కువ ఆలోచించాలి.

చక్రం నడిమి భాగమైన హబ్బు పక్కన పలచని ఉక్కు పళ్ళెం తిరుగుతూ ఉంటే అది డిస్కు బ్రేకు. హబ్బు లోపలే దాగి ఉండేవి డ్రమ్ము బ్రేకు, పెడల్ వెనక్కి తొక్కితే పడే కోస్టర్ బ్రేకు. ఈ మూడింటిలో ఏది ఉన్నా రిమ్ముకు బ్రేకు వల్ల అరుగుదల ఉండదు కాబట్టి, మీరు నేరుగా బ్రేకు ఎంపిక గురించిన భాగానికి వెళ్ళవచ్చు.

రెండో పని: రిమ్మును కంటితో, వేలితో పరీక్షించండి

చక్రాన్ని ముందు నీళ్ళతో కడిగి ఆరనివ్వండి, మట్టి మీద నుంచి చూస్తే ఏమీ తెలియదు. తరువాత బ్రేకు రబ్బరు ఆనే పట్టీ మీద ఏదైనా గుర్తు ఉందేమో చక్రం చుట్టూ చూడండి. అల్యూమినియం రిమ్ముల్లో చాలావాటికి ఆ పట్టీ మధ్యలో సన్నని గాడి గానీ, ఒకటి రెండు చోట్ల చిన్న గుంట గానీ ఉంటుంది. అది అరుగుదల గుర్తు. అది కంటికి కనిపించినంత కాలం రిమ్ములో లోహం మిగిలి ఉన్నట్టే, అది చదునై మాయమైతే రిమ్ము పని అయిపోయినట్టే. కొన్ని రిమ్ములలో ఇది తిరగబడి ఉంటుంది: గోడ లోపల దాచిన రంధ్రం గోడ అరిగినప్పుడు బయటికి తేలుతుంది. మీ రిమ్ము ఏ రకమో తెలియకుండా గుంట కనిపించింది కదా అని సంబరపడకండి, కంగారూ పడకండి. రిమ్ము మీద అతికించిన స్టిక్కరులో సాధారణంగా ఆ గుర్తును గురించి రాసి ఉంటుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. కొత్త రిమ్ము బ్రేకు పట్టీ మీద నలుపు లేదా బూడిద రంగు పూత గానీ, యంత్రంతో చెక్కిన సన్నని గీతలు గానీ ఉంటాయి. అవి పోయినంత మాత్రాన రిమ్ము అరిగిపోయినట్టు కాదు. అవి వాడకం మొదలైన కొత్తలోనే చెరిగిపోయే పైపై సంగతులు.

గుర్తు లేని రిమ్ము అయితే వేలిని నమ్ముకోండి. బొటనవేలి గోరును పట్టీ పై అంచు నుంచి కింది అంచుకు నిదానంగా జార్చండి. కొత్త గోడ చదునుగా ఉంటుంది, అరిగిన గోడ మధ్యలో లోతుపడి అరచేతిలా పల్లంగా తగులుతుంది. ఇంకా స్పష్టంగా కావాలంటే ఒక ఉక్కు స్కేలును గోడకు నిలువుగా ఆనించి, వెనుక నుంచి టార్చి వేసి చూడండి. స్కేలు కింద వెలుతురు చీలిక ఎంత వెడల్పుగా ఉంటే పల్లం అంత లోతు. ఇరువైపులా చూడాలి, రెండు చక్రాలూ చూడాలి, ఎందుకంటే అవి సమానంగా అరుగుతాయన్న హామీ ఏమీ లేదు.

కంటికి ఆనని లోపాన్ని ఒక్కోసారి లివరు చెబుతుంది. నాకు ఒకసారి ముందు బ్రేకు పట్టినప్పుడల్లా చక్రం తిరిగే ప్రతి చుట్టుకూ ఒకచోట వేళ్ళకు చిన్న అదురు తగిలేది. చక్రం వంకర పోయిందనుకొని రెండు సాయంత్రాలు నిపిల్ పాన పట్టుకొని స్పోకులు బిగిస్తూ, వదులు చేస్తూ కూర్చున్నాను, అదురు తగ్గలేదు. విసుగొచ్చి టైరు విప్పాక, గోడ పై అంచుకు కాస్త దిగువన నాలుగు వేళ్ళ పొడవున వెంట్రుక మందం బీట కనిపించింది. టైరులో గాలి ఉన్నంత సేపు ఆ ముక్క బయటికి ఉబ్బి రబ్బరుకు తగులుతోంది, గాలి తీయగానే లోపలికి సర్దుకుంటోంది. ప్రతి చుట్టుకూ ఒకేచోట అదురు కొత్తగా మొదలైతే, చక్రాన్ని సరిచేయడానికి ముందు టైరు విప్పి చూడండి. బీట గానీ ఉబ్బు గానీ ఉంటే ఇక కొలతలు అవసరం లేదు, ఆ చక్రం మీద ఎక్కకూడదు.

మూడో పని: గోడ మందాన్ని కొలవండి

అనుమానం ఉన్నచోట కొలతే మంచిది. దీనికి మందాన్ని దవడల మధ్య పట్టి కొలిచే వెర్నియర్ ఒకటి, పాత స్పోకు ఒకటి ఉంటే చాలు. టైరు, ట్యూబు విప్పేయండి. వెర్నియర్ దవడలను నేరుగా గోడ మీద పెడితే సరైన కొలత రాదు, ఎందుకంటే లోపలి వైపు టైరును పట్టుకునే కొక్కెం లాంటి అంచు అడ్డొస్తుంది, బయటి వైపు పల్లం అడుగుకు దవడ అందదు. అందుకని స్పోకును రెండు చిన్న ముక్కలుగా కోసి, ఒకదాన్ని గోడకు లోపల, ఇంకొకదాన్ని బయట పల్లం అడుగున, రెండూ ఎదురెదురుగా రిమ్ము చుట్టుకొలత వెంబడి పడుకునేలా పెట్టి, వాటి మీదుగా వెర్నియర్ బిగించండి. వచ్చిన అంకె నుంచి రెండు ముక్కల మందం తీసివేస్తే గోడ మందం వస్తుంది. స్పోకు మందం 2 మి.మీ. అయి, వెర్నియర్ 5.1 మి.మీ. చూపితే గోడ 1.1 మి.మీ. ఉన్నట్టు. అయితే మధ్యలో సన్నబడే స్పోకులు కూడా ఉంటాయి కాబట్టి, మీరు కోసిన ముక్కలనే ముందు విడిగా కొలవడం మరిచిపోకండి.

ఒక్కచోట కొలిచి ఊరుకోవద్దు. ఒక్కో వైపు కనీసం ఆరు చోట్ల కొలవండి, వాటిలో రిమ్ము అతుకు ఉన్నచోటును తప్పకుండా చేర్చండి. అతుకు సాధారణంగా వాల్వు రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. లెక్కలోకి తీసుకోవాల్సింది సగటు కాదు, అన్నిటికంటే చిన్న అంకె, ఎందుకంటే గోడ చీలేది అతి పలచని చోటే.

రిమ్ము తయారీదారు కనీస మందం చెప్పి ఉంటే అదే ప్రమాణం. చెప్పకపోతే, కొత్త అల్యూమినియం గోడ సుమారు ఒకటిన్నర మి.మీ. మందం ఉంటుందనుకొని, 1 మి.మీ. దగ్గరికి వచ్చేసరికి కొత్త రిమ్ము తెప్పించుకోవడం, అంతకు దిగితే ఆ చక్రాన్ని పక్కన పెట్టేయడం నేను పాటించే పద్ధతి. టైరు లావు కూడా ఇందులో లెక్కకు వస్తుంది. ఒకే గాలి ఒత్తిడిలో లావు టైరు సన్న టైరుకన్నా ఎక్కువ బలంతో గోడలను బయటికి తోస్తుంది కాబట్టి, అరిగిన రిమ్ముకు లావు టైరు వేసి గట్టిగా గాలి కొట్టడం కోరి కష్టం తెచ్చుకోవడమే.

నాలుగో పని: అరుగుదలను నెమ్మదింపజేయండి

మెత్తని రబ్బరు గట్టి లోహాన్ని ఎలా అరగదీస్తుందన్న సందేహం న్యాయమైనదే. అరగదీసేది నిజానికి రబ్బరు కాదు, రబ్బరులో దిగిన ఇసుక, లోహపు రజను. బ్రేకు రబ్బరును విప్పి, ఎండలో పెట్టి, అటూ ఇటూ తిప్పి చూడండి. నల్లని ముఖం మీద అక్కడక్కడ వెండి చుక్కల్లా మెరిసేవి రిమ్ము నుంచి ఊడివచ్చిన అల్యూమినియం తునకలు. వాటి పైపొర గాలి తగిలి అల్యూమినియం ఆక్సైడుగా మారుతుంది, ఉప్పుకాగితానికి గరుకు ముఖంగా వాడే పదార్థం అదే. ఒక్క తునక దిగితే అది రిమ్ము మీద గీత గీస్తుంది, ఆ గీతలోంచి లేచిన రజను మళ్ళీ రబ్బరులోనే చేరుతుంది, అలా కొన్నాళ్ళకు రబ్బరు ముక్క కాస్తా ఆకురాయిగా మారుతుంది. వానలో బ్రేకు వేస్తే రిమ్ము నుంచి కారే నల్లని నీళ్ళు మురికి మాత్రమే కాదు, అందులో మీ రిమ్ము కూడా ఉంది.

కాబట్టి వాన కాలంలో వారానికోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి రబ్బర్లను విప్పి, దబ్బనం మొనతో ఆ తునకలను పెకలించి, ముఖాన్ని ఉప్పుకాగితం మీద నాలుగుసార్లు రుద్ది నునుపు చేయండి. రిమ్మును తడిగుడ్డతో తుడవండి. జిడ్డు ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. నూనె చుక్క కూడా ఆ దరిదాపులకు రానివ్వకండి. ఈ పది నిమిషాల పని రిమ్ము ఆయుష్షును పెంచినంతగా మరే ఖరీదైన విడిభాగమూ పెంచదని నా నమ్మకం.

రబ్బరు రకం రిమ్ము లోహాన్ని బట్టి ఉండాలి. అల్యూమినియం రిమ్ముకు మెత్తని రబ్బరు మేలు. ఎండకు గట్టిపడి గాజులా మెరిసే పాత రబ్బరు పట్టు తప్పుతుంది, కీచుమంటుంది కాబట్టి మందం మిగిలి ఉన్నా తీసేయడమే మంచిది. కూల్‌స్టాప్ వారి ఇటుక రంగు రబ్బర్లకు తడిలో బాగా పడతాయనీ, రిమ్మును తక్కువగా తింటాయనీ సైకిలు వాడేవారిలో మంచి పేరుంది. క్రోము పూత ఉన్న ఉక్కు రిమ్ము తడిస్తే బ్రేకు దాదాపు జారిపోతుంది. దానికి తోలు ముఖం ఉన్న ప్రత్యేకమైన రబ్బర్లు ఉన్నాయి, కానీ వాటిని అల్యూమినియం మీద వాడకూడదు. కార్బన్ రిమ్ముకు దాని తయారీదారు చెప్పిన రబ్బరు తప్ప మరొకటి పనికిరాదు. అల్యూమినియం రిమ్ము మీద వాడిన రబ్బరును కార్బన్ రిమ్ముకు మార్చడం అసలే కూడదు, ఎందుకంటే దానిలో ఇరుక్కున్న తునకలు కార్బన్ పొరలను కోసేస్తాయి.

తరువాత అమరిక. బ్రేకు పట్టినప్పుడు రబ్బరు పూర్తిగా పట్టీ మీదే ఆనాలి. పైకి జరిగి టైరును తాకితే కొద్ది రోజుల్లోనే టైరు పక్కను కోసేస్తుంది, కిందికి జరిగితే రబ్బరు సగమే అరిగి, మిగిలిన సగం రిమ్ము కింద పెదవిలా వేలాడి, ఒకనాడు అక్కడే ఇరుక్కుపోతుంది. వి-బ్రేకు, కాంటిలివర్ చేతుల ఇరుసు రిమ్ముకు దిగువన ఉంటుంది కాబట్టి రబ్బరు అరిగిన కొద్దీ అది స్పోకుల వైపు దిగుతూ పోతుంది. అందుకే వీటిని మొదట్లో పట్టీ పై భాగానికి దగ్గరగా బిగించాలి. బ్రేకు కీచుమంటే రబ్బరు ముందు కొస వెనుక కొసకన్నా సుమారు అర మిల్లీమీటరు ముందుగా రిమ్మును తాకేలా తిప్పి బిగించండి. రబ్బరు ముఖం మీది గాడులు పోయాయంటే మార్చే సమయం వచ్చినట్టే. అప్పటికీ ఊరుకుంటే లోపలి లోహపు పట్టీ బయటపడి, ఒక్క ప్రయాణంలోనే రిమ్ము మీద లోతైన గాడి కోస్తుంది.

ఐదో పని: మీ దారికి తగిన బ్రేకును ఎంచుకోండి

బ్రేకు చేసే పని వేగాన్ని వేడిగా మార్చడం. మనిషి, సైకిలు కలిసి 90 కిలోలు ఉండి, గంటకు 30 కి.మీ. వేగం నుంచి ఆగితే సుమారు 3,100 జౌళ్ళ శక్తి బ్రేకులోకి పోతుంది. అదే బరువు 500 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 4,41,000 జౌళ్ళు, అంటే చదును నేల మీద 140 సార్లు ఆగినంత. అందులో కొంత గాలి తీసుకుంటుంది, కానీ వంకర్ల ఘాటులో నెమ్మదిగా దిగేవారికి గాలి చేసే సాయం తక్కువ, దాదాపు భారమంతా బ్రేకు మీదే పడుతుంది. రిమ్ము బ్రేకు ఉంటే ఆ వేడంతా ట్యూబుకు ఆనుకొని ఉన్న రిమ్ములోకే పోయి, గాలి ఒత్తిడిని పెంచుతుంది. బరువు ఎక్కువై, దిగుడు పొడవైతే ట్యూబు పేలే ప్రమాదం ఉంది. కార్బన్ రిమ్ములకు ఆ వేడి ఇంకా చేటు.

దీన్ని బట్టి చూస్తే ఎంపిక అంత కష్టం కాదు. చదును దారి, పొడి వాతావరణం, తేలికైన సైకిలు అయితే కాలిపర్ గానీ వి-బ్రేకు గానీ నిక్షేపంలా సరిపోతుంది. విడిభాగాలు సులువుగా దొరుకుతాయి, రోడ్డు పక్కన ఒక్క పానతో సరిచేసుకోవచ్చు, రిమ్ము ఏళ్ళ తరబడి నిలుస్తుంది. వాన, బురద, ఇసుక రోజూ ఉండే దారి అయినా, సామాను వేసుకొని కొండలు దిగే అలవాటు ఉన్నా డిస్కు బ్రేకుకే నా ఓటు. దానిలో అరిగేవి చిన్న ప్యాడ్లు, ఒక పళ్ళెం. షిమానో పళ్ళేలు కొత్తలో 1.8 మి.మీ. మందం ఉండి, 1.5 మి.మీ.కి వస్తే మార్చమని వాటి మీదే రాసి ఉంటుంది. ప్యాడ్లలో రాపిడి పదార్థం 0.5 మి.మీ.కి తగ్గితే మార్చాలి. పళ్ళేన్ని మార్చడం బోల్టులు విప్పి బిగించే పని, రిమ్మును మార్చడం చక్రాన్నంతా విప్పి కట్టే పని.

అయితే ఉన్న సైకిలుకు డిస్కు బ్రేకు పెట్టించాలనుకుంటే ఆగి ఆలోచించండి. ఫ్రేముకు, ఫోర్కుకు పళ్ళేన్ని పట్టి ఆపే డిస్కు కాలిపర్ బిగించే చోటు ఉండాలి, హబ్బుకు పళ్ళేన్ని పట్టుకునే ఏర్పాటు ఉండాలి. డిస్కు బ్రేకు బలమంతా ఫోర్కు ఒక కాలి కింది కొస మీద పడుతుంది, ఆ భారానికి తయారుకాని ఫోర్కుకు పట్టీలు తగిలించి బిగించడం ప్రమాదం. వైరుకు బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ రకం తీసుకుంటే దానిలో పోసేది మినరల్ ఆయిలా, డాట్ ద్రవమా అన్నది ముందే తెలుసుకోండి. ఒకదానికి బదులు ఇంకొకటి పోస్తే లోపలి సీళ్ళు పాడవుతాయి. వైరుతో నడిచే డిస్కు బ్రేకు పట్టులో కాస్త తక్కువైనా, ఇంట్లో మరమ్మతు చేసుకునేవారికి అదే సుఖం.

డ్రమ్ము బ్రేకు బరువు ఎక్కువ, పట్టు మితం, కానీ వానలో తడవదు, రిమ్మును తినదు, దాని జోలికి తరచుగా వెళ్ళాల్సిన పనీ లేదు. రోజూ పనికి వెళ్ళే చదును దారికి ఇది మంచి సేవకుడు. పొడవైన దిగుళ్ళలో మాత్రం డ్రమ్ము వేడెక్కి పట్టు సడలుతుంది, కోస్టర్ బ్రేకులో అయితే లోపలి గ్రీజు మాడిపోతుంది.

బ్రేకు మార్చేటప్పుడు లివరునూ చూడండి. వి-బ్రేకుకు వైరును ఎక్కువ దూరం లాగే లివరు కావాలి, కాలిపర్‌కూ కాంటిలివర్‌కూ తక్కువ లాగేది చాలు. కాలిపర్ లివరుతో వి-బ్రేకు నడిపితే రబ్బర్లను రిమ్ముకు మరీ దగ్గరగా పెట్టుకోవాల్సి వస్తుంది, అవి కొంచెం అరగగానే లివరు హ్యాండిలుకు ఆని, బ్రేకు మాత్రం పడదు.

ఆరో పని: రిమ్ము మార్చాల్సి వస్తే

కొత్త రిమ్ము కొనేటప్పుడు మూడు అంకెలు సరిపోవాలి. మొదటిది టైరు కూర్చునే వ్యాసం, ఇది టైరు పక్కన మి.మీ.లలో అచ్చు వేసి ఉంటుంది: 622, 559, 590, 635 వంటివి. 26 అంగుళాలని పిలిచే టైర్లలోనే 559 ఉంది, 590 ఉంది. అవి ఒకదానికొకటి ఎక్కవు కాబట్టి అంగుళాల పేరు నమ్మి కొనకండి. రెండోది స్పోకు రంధ్రాల సంఖ్య, ఇది హబ్బుతో సరిపోవాలి. మూడోది స్పోకు కొస ఆగే చోట రిమ్ము వ్యాసం. ఇది పాతదానితో దాదాపు సమానమైతే పాత స్పోకులే సరిపోతాయి. అప్పుడు కొత్త రిమ్మును పాతదాని పక్కన, వాల్వు రంధ్రాలు కలిసేలా పెట్టి, మూడు నాలుగు చోట్ల టేపుతో కట్టి, స్పోకులను ఒక్కొక్కటిగా పాతదాని నుంచి కొత్తదానికి మార్చుకుంటూ పోవచ్చు. అల్లిక చెదరదు, ఏ స్పోకు ఎక్కడిదన్న తికమక ఉండదు. మాటిమాటికీ స్పోకులు తెగుతున్న చక్రమైతే మాత్రం పాత స్పోకులను దాచుకోవడం అనవసరం.

635 రిమ్ము నుంచి 622కు మారాలనే ఆలోచన ఉంటే, బ్రేకు రబ్బరు 6.5 మి.మీ. కిందికి దిగాల్సి వస్తుందని గుర్తుంచుకోండి. కాలిపర్ చేతుల్లోని గాడి అంత దూరం అనుమతిస్తుందో లేదో కొనకముందే కొలిచి చూసుకోవాలి.

కొత్త రిమ్ముకు పాత రబ్బర్లు వేయకండి, వాటిలోని తునకలు మొదటి రోజే గీతలు పెడతాయి. కొత్త రబ్బర్లు బిగించాక వాహనాలు తిరగని చోట, ఓ మోస్తరు వేగం నుంచి ఇరవై సార్లు నెమ్మదిగా ఆపండి. రబ్బరు ముఖం రిమ్ము వంపుకు అమరి, పట్టు పెరుగుతున్నట్టు లివరులోనే తెలుస్తుంది. అన్నిటికంటే ముందు, టైరు ఎక్కించకముందే స్పోకు ముక్కలతో కొత్త గోడ మందాన్ని కొలిచి, తేదీతో సహా ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ఇవాళ 1.6 ఉన్నది ఏడాది తరువాత 1.4 అయితే, అదే వాడకానికి 1 మి.మీ. చేరడానికి మరో రెండేళ్ళు పడుతుందని లెక్క తేలుతుంది. ఆ మొదటి అంకె లేకపోతే, తరువాత ఎన్నిసార్లు కొలిచినా ఎంత మిగిలిందో తెలుస్తుంది గానీ, ఎంత వేగంగా అరుగుతోందో తెలియదు.